ఊరివాళ్ళెవరు, వచ్చినవాళ్ళెవరు: క్రైస్తవ–ముస్లిం గొడవల వెనక ఉన్న కాగితం

క్రిస్మస్ ముందు మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. కాలుతున్న ఇళ్ళు, బిడ్డలనెత్తుకుని పరుగెత్తే ఆడవాళ్ళు. నైజీరియాలో ముస్లింలు క్రైస్తవుల ఊరు తగలబెట్టారని కింద ఎర్రక్షరాల్లో రాసి ఉంది. ఆ సాయంత్రం క్వయర్ పిల్లల గౌన్లు తెచ్చుకుందామని మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో మా టైలర్ చాచా కొట్టుకు వెళ్ళాను. వాళ్ళ నాన్న కాలం నుంచీ మా చర్చికి తెల్ల గౌన్లు కుట్టేది ఆ కొట్లోనే. చాచా ఫోన్లో కూడా ఒక వీడియో ఉంది, చూడమని ఇచ్చాడు. అవే మంటలు, అదే పొగ, అదే నీలం రేకుల ఇల్లు. రాత మాత్రం తిరగబడింది. క్రైస్తవులు ముస్లింల ఊరు తగలబెట్టారట.

కుట్టు మిషన్ బల్ల మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి ఆడించాం. చాచా కళ్ళజోడు పైకి తోసుకుని, "ఈ రేకుల ఇల్లు ఎవరిది బేటా, మీవాళ్ళదా, మావాళ్ళదా?" అన్నాడు. నాకు తెలీదు. ఆయనకూ తెలీదు. "సరే, ఆరు గౌన్లు అయినయి, మిగతావి రేపు" అని టేపు మెళ్ళో వేసుకుని మళ్ళీ మిషన్ ముందు కూర్చున్నాడు.

ఆ ఇల్లు ఎవరిదో ఇప్పటికీ తెలీలేదు గానీ, అక్కడ ఇళ్ళెందుకు కాలుతున్నాయో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అది మా ఊరి కథలాగే కనబడింది.

నైజీరియా నడుమ ప్లాటో అనే రాష్ట్రం ఉంది. రాజధాని జోస్. అక్కడి నేలలో తగరం దొరికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్‌వాళ్ళు గనులు తవ్వించారు. పని కోసం ఉత్తరాది నుంచి హౌసా జనం వచ్చి చేరారు. హౌసాల్లో ఎక్కువమంది ముస్లింలు. ఆ పీఠభూమిలో ముందునుంచీ ఉన్న బెరోమ్, అఫిజెరె, అనగుట తెగలవాళ్ళు మిషనరీలు వచ్చాక చాలావరకు క్రైస్తవులయ్యారు. తర్వాత గనుల వైభవం తగ్గిపోయింది. గనుల కోసం వచ్చినవాళ్ళ మనవలు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయారు. బల్లార్‌పూర్ వాడికి ఇంతకంటే విడమరిచి చెప్పాలా? బొగ్గు గని, పేపర్ మిల్లు, కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో మూటాముల్లె సర్దుకుని వచ్చిన తాత, ఇక్కడే పుట్టి ఇక్కడే మరాఠీలో చదువుకున్న మనవడు. అయినా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "మీది అసలు ఏ ఊరు?" అని.

జోస్‌లో ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉంటుంది. నైజీరియాలో లోకల్ గవర్నమెంట్ ఆఫీసులు 'ఇండిజీన్' సర్టిఫికెట్ ఇస్తాయి, అంటే ఫలానావాడు ఈ నేలకు మూలవాసి అని. సర్కారు కొలువు కావాలన్నా, స్కాలర్‌షిప్పు కావాలన్నా, యూనివర్సిటీ సీటు కావాలన్నా ఆ కాగితం అడుగుతారు. పుట్టింది ఎక్కడన్నది కాదు లెక్క, తాతముత్తాతలది ఎక్కడన్నది లెక్క. జోస్‌లో మూడు తరాలుగా ఉన్న హౌసా కుటుంబం కూడా 'వచ్చినవాళ్ళ' పద్దులోనే ఉంటుంది. మూలవాసుల భయం మూలవాసులకుంది: ఈ కాగితం అందరికీ ఇచ్చేస్తే మనకు మిగిలేదేంటి, పెద్ద జనాభా ఉన్న ఉత్తరాదివాళ్ళు మనల్ని మింగేయరా అని. ఆ భయం ఉత్తదని నేననను.

2001లో పేదరిక నిర్మూలన పథకానికి ఒక హౌసా ముస్లింను అధికారిగా వేశారు. ఊళ్ళో టెన్షన్ మొదలైంది. సెప్టెంబరు 7, శుక్రవారం. మసీదు బయట రోడ్డు మీద కూడా నమాజు జరుగుతోంది. ఒక క్రైస్తవ యువతి ఆ రోడ్డు దాటబోయింది, మాటామాటా పెరిగింది. అక్కడ అంటుకున్న మంట ఆరేలోపు వెయ్యి మంది దాకా చనిపోయారని మానవ హక్కుల సంస్థల అంచనా. 2008 నవంబరులో జోస్ నార్త్ లోకల్ ఎన్నికల మీద మళ్ళీ గొడవ, మళ్ళీ వందల శవాలు. 2010లో ఇంకోసారి.

పేపర్లు దీన్ని మత కలహం అని రాశాయి. అది అబద్ధం కాదు. రోడ్డు మీద ఆపి మతం అడిగి మరీ చంపారు. కానీ మతం ఒక్కటే కారణమైతే, అవే రెండు మతాలవాళ్ళు ఒక ఊళ్ళో పచ్చగడ్డి వేస్తే భగ్గుమని, పక్క ఊళ్ళో పెళ్ళి విందులు ఎందుకు పంచుకుంటారు? నాకు అర్థమైనంతలో గొడవ పుట్టేది కాగితం దగ్గర, భూమి దగ్గర, నీళ్ళ దగ్గర. మతం దానికి జనాన్ని తోడు తెస్తుంది. గట్టు తగాదాలో ఇద్దరే ఉంటారు. వాళ్ళలో ఒకడు చర్చికి, ఇంకొకడు మసీదుకు వెళ్ళేవాడైతే, తెల్లారేసరికి ఆ గట్టుకు అటు కొన్ని కోట్ల మంది, ఇటు కొన్ని కోట్ల మంది. చాచా మిషన్ బల్ల మీదికి వచ్చిన రెండు వీడియోలూ ఆ జమలో భాగమే.

గట్టు తగాదా అంటే ఊరికే పోలిక కోసం అనలేదు. నైజీరియా నడిమి ప్రాంతంలో ఎక్కువ ఊళ్ళు కాలిపోయింది గొడ్ల మేత మీద. ఫులానీలు పశువులను తోలుకుని తిరిగే ముస్లింలు. రైతుల్లో ఎక్కువమంది క్రైస్తవులు. వెనకటికి పంట కోశాక ఫులానీల మందలను రైతులే పిలిచి పొలంలో ఉంచుకునేవారు, పేడ ఎరువవుతుందని. మన దగ్గర గొర్రెల మంద పెట్టించుకునే పద్ధతే. తర్వాత ఉత్తరాన నేల ఎండిపోతూ వచ్చింది, మందలు త్వరగా దక్షిణానికి దిగుతున్నాయి. ఇక్కడ జనాభా పెరిగింది, పశువులు నడిచే బాటలను కూడా దున్నేశారు. మంద వచ్చేసరికి పంట చేలోనే ఉంటోంది. 2017లో బెన్యూ రాష్ట్రం బయట మేపడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. దాంతో తగాదా ఆగలేదు. చేతిలోకి తుపాకులు వచ్చాయి, ఈశాన్యంలో బోకో హరామ్ అనే జిహాదీ సాయుధ గుంపు పేరు దేశమంతా భయం పరిచింది. ఇప్పుడు చేలో ఆవు పడితే అది ఆవు పడినట్టు కాదు, దండయాత్ర జరిగినట్టు.

పాకిస్తాన్ సంగతి ఇంకో రకం. అక్కడ క్రైస్తవులు పిడికెడు మంది, వాళ్ళలో చాలామంది పంజాబ్‌లో అంటరానివాళ్ళుగా చూడబడ్డ చూహ్రా కులం నుంచి బ్రిటిష్ కాలంలో మతం మారినవాళ్ళు. 2009 జూన్‌లో షేఖుపురా జిల్లాలో ఆసియా బీబీ అనే కూలీ ఫాల్సా పళ్ళు కోస్తూ, ఎండకు నీళ్ళు తెచ్చి తాను ఒక గుక్క తాగింది. క్రైస్తవురాలు ముట్టిన గ్లాసుతో మేం తాగమని తోటి ముస్లిం కూలీలు అన్నారు. మాటలు ముదిరాయి. కొన్నాళ్ళకు ఆమె మీద దైవదూషణ కేసు, 2010లో ఉరిశిక్ష. 2018 అక్టోబరు 31న ఆ దేశ సుప్రీం కోర్టే ఆమెను నిర్దోషి అని వదిలింది. ఈలోపు ఆమె పక్షాన మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరిలో ఆయన బాడీగార్డే చంపాడు. ఆ మార్చిలో క్రైస్తవ మంత్రి షాబాజ్ భట్టీని చంపారు.

రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన తెలుగువాడికి ఈ కేసులో ముందు కనబడేది ఇస్లామూ కాదు, క్రైస్తవమూ కాదు. గ్లాసు. కులం మతం మారినా వెంట వచ్చింది. కాకపోతే మన హోటల్ బయటి గ్లాసుకు లేనిదొకటి ఆ గ్లాసుకు ఉంది: సైనిక పాలకుడు జియా కాలంలో, 1980లలో, బిగించిన దైవదూషణ చట్టం. అందులో గరిష్ఠ శిక్ష చావు. పక్కింటి పాత కక్ష ఉన్నవాడి చేతికి అలాంటి సెక్షన్ దొరికితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంతా రాసి, మతానికి ఇందులో పాత్రే లేదంటే అబద్ధమాడినట్టే. రెండూ బయటివాళ్ళను పిలిచే మతాలు. ఒకరిది సువార్త, ఒకరిది దావత్, అంటే విందు కాదు, ఇస్లాంలోకి పిలుపు. పిలిచేటప్పుడు ఇద్దరూ సంతోషంగానే ఉంటారు, మన ఇంట్లోంచి ఒకరు అటు వెళ్తే తట్టుకోలేరు. ఖురాన్‌లో ఈసా (యేసు) ప్రవక్తకు పెద్ద పీట ఉంది. ఆయన తల్లి మర్యం పేరుతో ఒక సూరానే ఉంది, ఆమె కన్యగా బిడ్డను కన్నదనీ ఉంది. కానీ ఆయన దేవుని కుమారుడు కాదనీ, సిలువ మీద చనిపోలేదనీ కూడా అందులో ఉంది. క్రైస్తవుడికి సిలువ తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. ఈ తేడా మాటలతో చెరిగేది కాదు, చెరపాల్సిన పనీ లేదు. మా పాస్టరు అయ్యగారూ మసీదు మౌలానా సాబూ ఇరవై ఏళ్ళుగా ఒకే కిరాణా కొట్టులో సరుకులు తెచ్చుకుంటున్నారు, త్రిత్వం గురించి ఒక్క మాటా అనుకోలేదు. మా వాడలో నేను చూసిన నిజమైన గొడవ ఒక్కటే: ఈ ఇంటి అమ్మాయి, ఆ ఇంటి అబ్బాయి. అప్పుడు మాత్రం రెండు వైపులా పెద్దమనుషులకు సిద్ధాంతం బాగా గుర్తొచ్చింది.

చరిత్రను కూడా అవసరానికి మించి వాడుకుంటాం. 1095లో జెరూసలేం కోసం క్రూసేడు యుద్ధానికి పోప్ అర్బన్ పిలుపు, 1099లో జెరూసలేం ఊచకోత, 1187లో సలాహుద్దీన్ తిరిగి గెలవడం, ఇవి అందరి నోళ్ళలోనూ ఉంటాయి. 1204లో ఇంకో క్రూసేడు సైన్యం కాన్‌స్టాంటినోపుల్ అనే క్రైస్తవ నగరాన్నే దోచుకుందని ఎవరూ చెప్పరు. ప్రవక్త కాలంలోనే, మక్కాలో వేధింపులు పడలేక పారిపోయిన తొలి ముస్లింలకు ఆశ్రయమిచ్చింది అక్సుమ్‌ను ఏలిన క్రైస్తవ రాజు నజాషీ అని కూడా తక్కువమందే చెబుతారు.

మరి మాట్లాడుకోవడం సంగతి? పైస్థాయిలో చాలానే జరిగింది. 1965లో వాటికన్ సభ ముస్లింలను గౌరవంతో చూడాలని ప్రకటించింది. 2006 సెప్టెంబరులో పోప్ బెనెడిక్ట్ జర్మనీలో ఒక ఉపన్యాసంలో పాత బైజాంటైన్ చక్రవర్తి ఇస్లాం మీద అన్న కటువైన మాటలు ఎత్తి చెప్పారు, ముస్లిం దేశాలు భగ్గుమన్నాయి. మరుసటి ఏడు 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ పెద్దలకు ఒక బహిరంగ లేఖ రాశారు. గ్రంథం కలవారలారా, మీకూ మాకూ సమానమైన మాట దగ్గరికి రండి అనే ఖురాన్ వాక్యం (3:64) దానికి మూలం. దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు అన్న రెండూ ఇద్దరి దగ్గరా ఉన్నాయి కదా అని దాని సారాంశం. 2019 ఫిబ్రవరి 4న అబుదాబిలో పోప్ ఫ్రాన్సిస్, ఈజిప్టులోని అల్ అజ్హర్ విద్యాపీఠం పెద్ద ఇమామ్ అహ్మద్ అల్ తయ్యబ్ కలిసి మానవ సోదరభావం మీద ఒక పత్రం మీద సంతకాలు చేశారు.

వీటిని తీసిపారేయను. పైవాళ్ళు కౌగిలించుకుంటే కిందివాళ్ళకు కొట్టుకోవడానికి ఒక సాకు తగ్గుతుంది. కానీ మన ఊళ్ళలో సర్వమత సమావేశం ఎలా జరుగుతుందో తెలుసు కదా. స్టేజీ మీద నలుగురు పెద్దలు, నాలుగు శాలువాలు, అన్ని మతాలూ ఒకటే చెబుతున్నాయన్న ఉపన్యాసం, సమోసా, టీ, ఫోటో. అన్ని మతాలూ ఒకటే చెబితే ఇంతమంది అయ్యగార్లు, మౌలానాలు ఎందుకని ఎవరూ అడగరు. సర్టిఫికెట్ గురించి, బోరు నీళ్ళ గురించి, ఖబరస్తాన్ గోడ గురించి అసలే అడగరు.

పని చేసిన చోట్ల వేరేలా జరిగింది. ఇండోనేషియాలో అంబోన్ అనే దీవి ఉంది, సగం సగం క్రైస్తవులు, ముస్లింలు. 1999 జనవరి 19న, రంజాన్ పండగ రోజే, ఒక మినీబస్సు దగ్గర డ్రైవరుకూ ఇంకొకడికీ జరిగిన తగాదా ఊరంతా పాకి, మూడేళ్ళు వేలమందిని బలితీసుకుంది. అక్కడా స్థానికులు, వలసవచ్చినవాళ్ళు, సర్కారు కొలువుల లెక్కే అడుగున ఉంది. మంటకు నూనె పోసింది పుకార్లు: చర్చి కాల్చేశారట, మసీదు కాల్చేశారట. 2002 ఫిబ్రవరిలో మలినో ఒప్పందంతో చల్లారింది. తర్వాత 2011లో మళ్ళీ ఒక బైక్ టాక్సీ డ్రైవరు చనిపోతే అవే పుకార్లు లేచాయి. ఈసారి పాస్టర్ జాకీ మనుపుట్టి, ఆయన ముస్లిం మిత్రులు కలిసి ఒక గుంపుగా ఏర్పడ్డారు. ఫలానా చర్చి కాలిందని మెసేజ్ వస్తే ఒకరు అక్కడికి పోయి ఫోటో తీసి పంపేవాళ్ళు: చూడండి, చర్చి నిలబడే ఉంది. వాళ్ళు తమకు పెట్టుకున్న పేరు 'శాంతి రెచ్చగొట్టేవాళ్ళు'. చాచా, నేనూ కుట్టు మిషన్ మీద చేసింది ఆ పనిలో సగం. మిగతా సగం, అక్కడికి పోయి ఫోటో తీయగల మనిషి, మాకు లేడు.

అంబోన్‌కు ఇంకో అండ ఉంది. 'పెలా' అంటారు. మనవైపు ఇద్దరు మనుషులు నేస్తం కట్టుకున్నట్టు అక్కడ ఊరికి ఊరు ప్రమాణం చేసి బంధం కట్టుకుంటుంది. క్రైస్తవ ఊరు, ముస్లిం ఊరు కూడా కట్టుకుంటాయి. ఒకరి మసీదు కప్పుకు ఇంకొకరు కలప మోస్తారు. గొడవల తర్వాత ఊళ్ళు ఆ పాత ప్రమాణాలను వెతికి మళ్ళీ చేసుకున్నాయి.

నైజీరియాలోనే కడునా ఊళ్ళో ఇమామ్ ముహమ్మద్ అషఫా, పాస్టర్ జేమ్స్ వూయే ఇద్దరూ 1992 గొడవల్లో చెరో మూకను నడిపినవాళ్ళు. వూయే కుడి చెయ్యి పోయింది. అషఫాకు తన గురువు, ఇద్దరు బంధువులు పోయారు. ఇద్దరూ పగ తీర్చుకోవాలనే చూశారు. 1995లో కలిశారు, కలిసి ఒక సంస్థ పెట్టారు, ఆ తర్వాత ఊరూరా తిరిగి కుర్రాళ్ళతో మాట్లాడారు. వాళ్ళ సిద్ధాంతాలు మారలేదు. ఒకరు ఇంకొకరిని తన మతంలోకి తేవాలనే కోరిక కూడా దాచుకోలేదు. నాకు నచ్చింది అదే. కోరిక ఉంటుంది, కత్తి ఉండదు.

2018 జూన్ 23న ప్లాటో రాష్ట్రంలోనే బార్కిన్ లాది దగ్గర క్రైస్తవ ఊళ్ళ మీద సాయుధులు పడ్డారు. ఇమామ్ అబ్దుల్లాహి అబూబకర్ 262 మందిని తన ఇంట్లో, మసీదులో దాచి, తలుపు ముందు నిలబడ్డాడు. ఎందుకలా చేశావని అడిగితే ఆయన ఒక పాత సంగతి చెప్పాడు. నలభై ఏళ్ళ కిందట ఆ మసీదు కట్టుకోవడానికి జాగా ఉచితంగా ఇచ్చింది ఊళ్ళోని క్రైస్తవులేనట.

మన దేశంలో ఈ రెండు సమాజాల మధ్య కాగితం తగాదా ఎక్కువగా కనబడేది కేరళలో. మైనారిటీ స్కాలర్‌షిప్పుల్లో ముస్లింలకు 80 శాతం, క్రైస్తవులకు 20 శాతం అన్న పంపకాన్ని 2021 మే 28న హైకోర్టు కొట్టేసింది. అప్పట్నుంచి రెండువైపులా నేతలు దాన్ని వదల్లేదు. ఎర్నాకుళం జిల్లా మునంబంలో వక్ఫ్ భూమి అన్న వాదన మీద 600 దాకా కుటుంబాలు, ఎక్కువమంది లాటిన్ క్యాథలిక్ జాలర్లు, 2024లో నిరాహార దీక్షలకు దిగారు. ఒడిశా కంధమాల్‌లో 2007, 2008లో క్రైస్తవుల మీద జరిగిన హింస క్రైస్తవ–ముస్లిం గొడవ కాదు గానీ, అక్కడ కూడా పాణ అనే దళిత కులం నుంచి వచ్చిన క్రైస్తవులకు ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అన్న తగవు అడుగున రగులుతూనే ఉంది.

మా వైపు ఇంత దూరం రాలేదు. రాకుండా రెండు వైపులనూ ఒక చోట కూర్చోబెట్టగలిగేదేమిటా అని ఆలోచిస్తే, ఇద్దరికీ ఒకేలా నష్టం చేసిన ఒక పాత ఉత్తర్వు నాకు తోస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఎస్సీ ఉత్తర్వులో మూడో పేరా. హిందూ మతంలో లేనివాడు ఎస్సీ కాడని అది అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులోకి చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మా వీధిలో ఒకే తల్లి బిడ్డలైన ఇద్దరు అన్నదమ్ములున్నారు. పెద్దాయన బౌద్ధుడు, ఏటా అక్టోబరులో చంద్రపూర్ దీక్షాభూమికి వెళ్తాడు, 1956 అక్టోబరు 16న అంబేడ్కర్ వచ్చి దీక్ష ఇచ్చిన చోటుకు. చిన్నాయన మా చర్చిలో పెద్ద. అన్న కొడుక్కి ఎస్సీ సర్టిఫికెట్ ఉంది, తమ్ముడి కొడుక్కి లేదు. పండక్కి ఇద్దరి పిల్లలూ ఒకే కంచంలో తింటారు.

ఆ మూడో పేరా మూసిన తలుపు దళిత క్రైస్తవుడికీ దళిత ముస్లింకూ ఒకటే. 2004 నుంచి సుప్రీం కోర్టులో పిటిషన్లు ఉన్నాయి, 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేశారు. అయినా చర్చి మీటింగుల్లో ముస్లింల మాట రాదు, మసీదు మీటింగుల్లో క్రైస్తవుల మాట రాదు. శాలువాల సమావేశానికి పెట్టే ఖర్చుతో ఈ ఒక్క పేరా మీద రెండు వైపులా కూర్చుంటే, అబ్రాహాము ఎవరి తండ్రి అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

సర్టిఫికెట్ అంటే గుర్తొచ్చింది. ఈ ఏడు చాచా మనవడికి కాలేజీ అడ్మిషన్, ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. మహారాష్ట్రలో ఓబీసీకి 1967 అక్టోబరు 13కి ముందు కుటుంబం ఇక్కడే ఉన్నట్టు ఆధారం చూపాలి. ఎస్సీకైతే 1950 ఆగస్టు 10. ఈ రెండు తేదీలు మా ఊరి తెలుగువాళ్ళకు పుట్టినరోజులకంటే బాగా గుర్తు. చాచా వాళ్ళ నాన్న బడికి పోలేదు, స్కూలు దాఖలా లేదు. కొట్టు కరెంటు బిల్లు 1974 నుంచే ఉంది. రెండుసార్లు ఫైలు వెనక్కి వచ్చింది.

మా చర్చి బీరువాలో పాత లెక్కల పుస్తకాలున్నాయి, చెదలు కొట్టినవి, తాటాకు వాసన వచ్చేవి. అయ్యగారిని అడిగి ఒక ఆదివారం మధ్యాహ్నం చాచా, నేనూ కూర్చుని తిరగేశాం. 1965 డిసెంబరు పేజీలో ఉంది. వంకర తెలుగు అక్షరాల్లో, చాచా వాళ్ళ నాన్న పేరు, దాని పక్కన "గౌన్లు 7 కుట్టుకూలి రూ. 14". కింద వేలిముద్ర.

చాచా ఆ వేలిముద్ర మీద తన బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత, "గౌనుకు రెండ్రూపాయలా? మా అబ్బ మీవాళ్ళకు బాగా సస్తాలో కుట్టిండు" అన్నాడు.

పేజీ జిరాక్స్ తీసి, చర్చి ముద్ర వేయించి ఫైల్లో పెట్టాం. ఆఫీసులో క్లర్కు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది తెలుగులో ఉంది, మరాఠీలోకి అనువాదం చేయించి పట్టుకురమ్మన్నాడు. చేయిస్తున్నాం.